ఆవగింజ చెప్పిన జవాబులు

పోయిన వారం కుట్టు టీచరమ్మను వార్డెనమ్మ గది ముందు, చేతిలో సగం కుట్టిన దిండు గలీబుతో నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. లోపలికి పంపేముందు, కథలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

టీచరమ్మకి యాభై రెండేళ్లు. ఇరవై ఏడేళ్లు ఆడవాళ్లకి కుట్టుపని నేర్పింది. ఆ కేంద్రం మూతపడ్డాక, ‘ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకోనా’ అని ఒక స్వచ్ఛంద సంస్థకి పేరిచ్చి, ఏడాదిపాటు ఈ పరాయి దేశంలో ఉన్న పిల్లల ఇంటికి వచ్చింది. జీతం లేదు. తిండీ, పైఅంతస్తులో ఒక చిన్న గదీ ఇచ్చారు. ముప్ఫై ఒక్క మంది పిల్లలకి దుప్పట్లు, చొక్కాలు, తెరలు కుట్టడం ఆవిడ పని. కింద బట్టలుతికే గదిలో కిటికీ పక్కన మిషను, మిషను బల్ల కింద ఒక ఆరేళ్ల పిల్ల. ఆ పిల్ల పుట్టాక నోరు విప్పలేదని అందరూ మూగదానికింద జమకట్టారు. టీచరమ్మ మాత్రం ‘ఆవగింజ’ అని పిలుచుకుంటుంది. ఆరేళ్లు నిండే పిల్లలందరినీ పరీక్షించే డాక్టరమ్మ పోయిన భాగంలో వచ్చి, ఆవగింజను గదిలోకి తీసుకెళ్లి, నలభై నిమిషాలు తలుపేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది. పరీక్ష గట్టెక్కితే బడి. గట్టెక్కకపోతే ‘అవతలి ఇల్లు’.

అవతలి ఇంటిని టీచరమ్మ ఒకసారి చూసింది, దుప్పట్లు ఇవ్వడానికి వెళ్లి. చదువు పట్టదని తేల్చిన పిల్లల్ని అక్కడ ఉంచుతారు. నేల అద్దంలా ఉంది. గోడలకి మరకల్లేవు. పన్నెండేళ్ల పిల్లలు చిన్నపిల్లల ఊచల మంచాల్లో మోకాళ్లు ముడుచుకుని పడుకుని కప్పు వంక చూస్తున్నారు. ఒక్కరూ ఏడవడం లేదు. అక్కడి నుంచి తిరిగి వచ్చిన పిల్లలెవరైనా ఉన్నారా అని ఆరోజు అడిగితే, ఇక్కడి ఆయా తలొంచుకుని బట్టలు మడతపెట్టింది.

ఇక తలుపు తెరుచుకుంది.

“కూర్చోండి,” అంది వార్డెనమ్మ.

వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది ఆ దేశపు భాషలోనే. టీచరమ్మ తొమ్మిది నెలల్లో నేర్చుకున్న ఆ భాష ఒక కాలు పొట్టిదైన కుర్చీలా ఊగుతూ ఉంటుంది. మనకెందుకా ఊగులాట, తిన్నగానే చెప్పుకుందాం.

వార్డెనమ్మ ఒక కాగితం ముందుకి తోసింది. ఇరవై వరసలు, వరసకొక సున్నా.

“డాక్టరమ్మ ఇరవై బొమ్మలు చూపించింది. ఒక్కదానికీ పేరు చెప్పలేదట. ‘చెవులు బాగున్నాయి. శబ్దాలు చేస్తుంది, వాటికి అర్థం లేదు. చదువు పట్టదు’ అని రాసింది. గురువారం పొద్దున తొమ్మిదింటికి వ్యాను వస్తుంది.”

ఆరోజు శనివారం. టీచరమ్మ దిండు గలీబుని ఒళ్లో పెట్టుకుని అంచు సరిచేసింది. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఆవిడ చేతులు వాటంతట అవే అంచులు సరిచేస్తాయి.

“శబ్దాలంటే?” అంది చివరికి.

“అదే అడగడానికి పిలిచాను. పరీక్ష జరిగినంతసేపూ రికార్డు చెయ్యాలని రూలు. ఒక కాపీ మా దగ్గర ఉంటుంది. నిన్న వింటుంటే నాకొక అనుమానం వచ్చింది. మీరూ వినండి.”

వార్డెనమ్మ బల్ల మీదున్న చిన్న రికార్డరు మీట నొక్కింది. ముందు కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత డాక్టరమ్మ గొంతు, ఆ దేశపు భాషలో: ఇదేమిటి?

“పిల్లి,” అంది ఆవగింజ, అచ్చ తెలుగులో.

టీచరమ్మ చేతులు ఆగిపోయాయి.

ఇదేమిటి? “కత్తెర.” ఇదేమిటి? “గొడుగు.” ఇదేమిటి? “గుండీ. పెద్ద గుండీ. నాలుగు బొక్కలు.” నిజానికి అది బండి చక్రం కావచ్చు, పళ్లెం కావచ్చు, మనకి కనపడదు. ఇదేమిటి? “చెంచా.” అడగ్గానే జవాబు, తడుముకోవడం లేదు. గొంతులో భయమన్నది లేదు. మధ్యలో డాక్టరమ్మ ఊరుకుని ఏదో రాసుకుంటుంటే, “ఇంకోటి చూపించు,” అని కూడా అంది. కాగితం తిప్పిన చప్పుడు. ఇదేమిటి? ఈసారి కాస్త ఆగి, “అయ్యో, పగిలిపోయింది,” అంది పిల్ల. తర్వాత పెద్దదానిలా ఓదారుస్తూ, “ఏం కాదు. కుట్టేద్దాం.”

వార్డెనమ్మ మీట నొక్కి ఆపింది.

“ఈ ముక్క నాకు తెలుసు. అర్థం తెలీదు, రాగం తెలుసు. పిల్లలు ఏం చింపుకుని వచ్చినా మీరు ఇదే రాగం తీస్తారు.”

అవును, టీచరమ్మ నోరు ఊరుకునే నోరు కాదు. నోరు కుట్టేసుకుని చేతులతో కుట్టడం ఆవిడకి చేతకాదు. మొదటి రోజు సంతకం పెట్టించుకున్న రూళ్లలో ఏడోది ఆవిడ చదువుకుంది, నిఘంటువు పక్కన పెట్టుకుని మరీ చదువుకుంది: ఆరేళ్లలోపు పిల్లలతో సేవకి వచ్చినవాళ్లు ఈ ఇంటి భాషలో తప్ప వేరే భాషలో మాట్లాడకూడదు. మిగతా ముప్ఫై మందితో ఆ రూలు తప్పలేదు. కానీ బల్ల కింద కూర్చున్న మూగపిల్లతో ఏ భాషైతే ఏం? గోడతో మాట్లాడినట్టే కదా, గోడకేం రూలు? అలా దారం గురించి, వాన గురించి, చిన్నప్పుడు తన చెల్లెలు మింగేసిన గుండీ గురించి, ఏడు నెలలు గోడకి చెప్పుకుంది. రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం గోడ చెయ్యి చాపి, “దారం,” అంది.

ఆరోజే పరుగెత్తి పైకొచ్చి వార్డెనమ్మకి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని అక్కచెల్లెళ్లు నవ్వేవాళ్లు. ఈ ఒక్కటి మాత్రం రెండు నెలలు నానింది. యాభై రెండేళ్ల జీవితంలో తన కోసం ఎవరూ కొత్తగా మాటలు నేర్చుకోలేదు. ఆ సంతోషం మీద ఇంకొకరి చెయ్యి పడటం ఆవిడకి ఇష్టం లేకపోయింది. ఇది స్వార్థం అని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది, చేతులు కాలాక.

“అన్నీ మా భాషలో మాటలే,” అంది టీచరమ్మ. “పిల్లి అంటే పిల్లే. కత్తెర అంటే కత్తెరే. ఆ బొమ్మల కార్డులు తెప్పించి, ఎదురుగా పెట్టుకుని వినిపించండి, ఒక్కొక్కటీ రాసిస్తాను. డాక్టరమ్మకి పంపిద్దాం. ఆ పిల్ల మూగది కాదు, తెలివితక్కువది కాదు.”

“సాక్షి ఎవరు?”

“నేను.”

“నేర్పింది ఎవరు?”

టీచరమ్మ గలీబు అంచు మళ్లీ మడిచింది.

“ఈ ఊళ్లో మీ భాష వచ్చినవాళ్లు ఇంకెవరున్నారు? ఎవరూ లేరు. సరే, మీ మాటే నమ్మారనుకుందాం. డాక్టరమ్మ అడిగేది ఒక్కటే, చుట్టూ ఉన్నవాళ్లతో ఈ పిల్ల మాట్లాడగలదా? లేదు. అప్పుడూ సున్నాయే. పైగా ఏడో రూలు తప్పారని మిమ్మల్ని మర్నాడే పంపించేస్తారు.”

“పంపించనివ్వండి.”

“పంపించాక ఆ పిల్ల ఎవరితో మాట్లాడాలి?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నుయ్యి తవ్విందీ గొయ్యి తవ్విందీ తానే అయినప్పుడు ఎవర్ని తిట్టుకోవాలో టీచరమ్మకి తోచలేదు. ఇంకో ఏడాది ఉండనివ్వమని పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చేసింది. పిల్లని తనతో తీసుకెళ్తానని అడిగితే, ఒంటరి మనిషి, పరాయి దేశస్థురాలు, వయసు మీరిందని మూడు కారణాలు చెప్పారు. ఒక్కటి చాలు కదా, ఎందుకంత శ్రమ అనుకుంది అప్పుడు. నిజానికి ఏడాదిలో ఇంకా మూడు నెలలున్నా, వీసా గడువు అయిదు వారాల్లో అయిపోతుంది.

“ఆ రూలు రాసింది నేనే,” అంది వార్డెనమ్మ. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. “పందొమ్మిదేళ్లుగా మీలాంటి మంచివాళ్లు వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరూ ఒక్కో భాష సంచిలో పెట్టుకుని వస్తారు. పిల్లలకి పంచుతారు. వెళ్లేటప్పుడు మళ్లీ సంచిలో సర్దుకుని పోతారు. తర్వాత పిల్లలు గేటు దగ్గర నిలబడి ఆ మాటలే అంటూ ఉంటారు. మాకు అర్థం కాదు. కొన్నాళ్లకి మానేస్తారు. అలా మానేసిన తర్వాత కొందరు ఏ భాషా మాట్లాడరు.”

“మీరెవరైనా ఆ పిల్లతో మాట్లాడి ఉంటే నేను మాట్లాడేదాన్నా?” ఈ మాట ఊగకుండా వచ్చింది. “తుడుస్తారు, తినిపిస్తారు, పడుకోబెడతారు. ఆరేళ్లలో ఆ పిల్లని ఎవరైనా ఏదైనా అడిగారా?”

వార్డెనమ్మ ఆ సున్నాల కాగితాన్ని తన వైపుకి లాక్కుంది.

“ముప్ఫై ఒక్క మందికి నలుగురం,” అంది. “అడగలేదు.”

ఇద్దరిలో ఎవరు గెలిచారో చెప్పమంటే నేను చెప్పలేను. ఓడిపోయింది మాత్రం ఆ గదిలో లేదు. కింద బల్ల కింద కూర్చుని గుండీల డబ్బా సర్దుకుంటోంది.

వార్డెనమ్మ సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. అందులో అయిదు ఖాళీ గడులున్నాయి. వ్యాను వచ్చేలోపు ఈ ఇంటి భాషలో పిల్ల అయిదు వేరువేరు మాటలు తనంతట తానుగా అంటే, పనివాళ్లలో ఇద్దరు విని సంతకం పెడితే, పంపడాన్ని ఆరు నెలలు వాయిదా వేయొచ్చు. చిలక పలుకులు కుదరవు. నువ్వను, నేనంటాను అంటే లెక్కలోకి రాదు.

“నేనూ ఆయా వింటాం. రూలు సంగతి ఈలోపు నేను ఎవరికీ రాయను. కానీ ఒక షరతు. మీ భాషలో ఆమెతో ఒక్క మాట కూడా అనకూడదు.”

“సరే.”

“అది సులువే. ఆమె మీ భాషలో మాట్లాడితే మీకు అర్థం కానట్టు ఉండాలి. అది కష్టం.”

టీచరమ్మ తలూపింది. ఒళ్లో ఉన్న గలీబు అంచు అప్పటికి నాలుగుసార్లు మడిచి, ఊడదీసి, మళ్లీ మడిచి ఉంది.

ఆదివారం పొద్దున్నే ఆవగింజ బల్ల కిందికి వచ్చి చెయ్యి చాపింది. “ఎర్ర దారం ఇవ్వు, టీచమ్మా.” టీచరమ్మ ఆ దేశపు భాషలో, ఏమిటి, అంది. పిల్ల నవ్వింది. ఇదేదో కొత్త ఆట అనుకుంది. “ఎర్ర దారం,” అంది మళ్లీ. ఏమిటి? పిల్ల బల్ల కింద నుంచి బయటికి వచ్చి, ముసలివాళ్లకి చెప్పినట్టు, నోరు పెద్దది చేసి, గట్టిగా, విడివిడిగా చెప్పింది. “ఎర్ర. దారం.” టీచరమ్మ దారపుండ ఎత్తి చూపించి ఇంటి భాషలో దాని పేరు చెప్పింది. పిల్ల ఆ మాటని విననట్టే దారం లాక్కుని వెళ్లిపోయింది.

సోమవారం వస్తువులు తేవడం మొదలుపెట్టింది. ఒక గుండీ తెచ్చి టీచరమ్మ మోకాలి మీద పెట్టి, “గుండీ,” అంది. కాసేపు మొహంలోకి చూసి, “గుండీ కదా?” అంది. చెంచా తెచ్చింది. చెప్పు తెచ్చింది. కిటికీలో పడుకున్న పిల్లిని మెడ పట్టుకుని మోసుకొచ్చి, “ఇది పిల్లి కదా?” అని అడిగింది. తన మాటలు చెడిపోయాయేమోనని ఒక్కొక్కటే తీసి చూసుకుంటోంది పాపం. ‘అవునమ్మా, పిల్లే, నువ్వు చెప్పిందే నిజం’ అని చెప్పడానికి టీచరమ్మకి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం ఆవిడ మిషను గట్టిగా తొక్కింది. ఆరోజు కుట్టిన తెరలో కుట్టు ఒక్కటీ తిన్నగా లేదు.

మంగళవారం ఆవగింజ ఏమీ అనలేదు. వచ్చి కూర్చుంది, అంతే. డబ్బాలో గుండీలు అటూ ఇటూ దొర్లించలేదు. తలుపుకి పిన్ను గుచ్చి పెట్టిన కాగితంలో అయిదు గడులూ ఖాళీ. ఆయా ఆ రోజంతా పని మానుకుని మరీ పిల్లతో మాట్లాడింది, పాపం, తెలిసిన కబుర్లన్నీ చెప్పింది. ఆరేళ్ల బాకీ ఒక్క రోజులో తీరుతుందా? పిల్ల ఆయా వంక, అవతలి ఇంటి పిల్లలు కప్పు వంక చూసినట్టే చూసింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయా నేల తుడుస్తోంది. అడ్డొచ్చిన పిల్లలందరితో ఎప్పుడూ అనే మాటే అంటోంది, పక్కకి జరుగు, పక్కకి జరుగు. వాళ్ల భాషలో అది ఒకటే ముక్క, కాస్త విసురుగా ఉంటుంది. అప్పుడు ఆవగింజ వచ్చింది. చొక్కా చెయ్యి భుజం దగ్గర్నుంచి వేలాడుతోంది.

టీచరమ్మ చూసింది. అది చిరిగింది కాదు. కుట్టు ఒక్కొక్క పోగూ తెంపి, గుడ్డకి ఏమీ కాకుండా, పద్ధతిగా ఊడదీసింది. అలా ఊడదీయడం నేర్పింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పిల్ల చొక్కా విప్పి మిషను మీద పెట్టి, టీచరమ్మ పెదాల వంక చూస్తూ నిలబడింది. ఏదైనా చిరిగితే ఈ పెదాల్లోంచి ఒక మాట వస్తుంది. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. ఏం కాదు, కుట్టేద్దాం.

ఆ మాట టీచరమ్మ గొంతులోకి వచ్చి కూర్చుంది. మింగలేదు, కక్కలేదు. చివరికి ఆ దేశపు భాషలో, చొక్కా, అంది. చెయ్యి, అంది. సూది, అంది.

ఆవగింజ ఇంకాసేపు చూసింది. తర్వాత రెండు చేతులతో టీచరమ్మ మోకాలిని తోసి, ఇంటి భాషలో, ఆయా విసురుతో సహా, ఒక్క మాట అంది.

పక్కకి జరుగు.

ఆయా చేతిలో కర్ర ఆగింది. “అంది కదూ? మీరూ విన్నారు కదూ?” అంటూ, మెట్ల మీద నుంచి అంతా వింటున్న వార్డెనమ్మని తడి చేతులతోనే లోపలికి లాక్కొచ్చింది. వార్డెనమ్మ మొదటి గడిలో ఆ మాట రాసి, తాను సంతకం పెట్టి, ఆయా చేత కూడా పెట్టించింది. ఆయా కొంగులేని చొక్కా చేత్తోనే కళ్లు తుడుచుకుంది. ఆరేళ్లుగా నోరు విప్పని పిల్ల మాట్లాడింది, అదీ తన మాట. టీచరమ్మ కూడా సంతోషించాల్సిందే. ఏడుపుకి భాష లేదంటారు, అబద్ధం. ఆవిడ ఏడిస్తే ‘అయ్యో’ అనే ఏడుస్తుంది, అదీ తెలుగే. అందుకని ఏడవలేదు.

“ఒకటి,” అంది వార్డెనమ్మ. “రేపు తొమ్మిదిలోపు ఇంకా నాలుగు.”

పిల్ల అప్పటికే చొక్కా లేకుండానే బల్ల కిందికి దూరి, గుండీల డబ్బాని ఒళ్లోకి లాక్కుంది. అది పాత బిస్కెట్ల డబ్బా. అందులో నూట నలభై గుండీలు, రంగురంగుల దారపు ముక్కలు. ఈ ఇంట్లో బట్టలూ దుప్పట్లూ బొమ్మలూ అన్నీ అందరివీ. ఆవగింజది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ డబ్బా ఒక్కటే.

వార్డెనమ్మ గొంతు తగ్గించింది.

“నాలుగు రోజులు బుజ్జగిస్తే ఒక్క మాట రాలేదు. కోపం వచ్చాక వచ్చింది. తప్పు ఆమెది కాదు. మా భాష ఆమెకి ఎప్పుడూ విసుగ్గానే వినపడింది. అది దేనికి పనికొస్తుందో దానికే వాడుకుంటోంది.” కాగితం మీద మిగిలిన గడులు చూపించింది. “మీ మీద ఇంకా కోపం రావాలి, టీచరమ్మా. ఇంకా నాలుగు మాటలంత కోపం.”

ఆవిడ ఏం అడుగుతోందో టీచరమ్మకి అర్థమైంది. వార్డెనమ్మ చూపు డబ్బా మీదుంది.

“వేరే దారి లేదా?”

“ఉంటే మీరు చెప్పండి.”

టీచరమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. బల్ల కింద చీకట్లో ఆవగింజ కళ్లు కనపడ్డాయి. పిల్ల కాస్త ముందుకి జరిగింది. ఆఖరికి ఆట అయిపోయిందేమో, ఇప్పుడు మాట్లాడుతుందేమో అన్నట్టు. టీచరమ్మ ఆ ఒళ్లోంచి డబ్బాని లాగేసుకుంది. గుండీలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. లేచి ఆయా చేతిలో పెట్టి, “పారెయ్యండి,” అంది, పిల్లకి బాగా వినపడేలా, ఆ దేశపు భాషలో. తొమ్మిది నెలల్లో ఒక్క తడబాటు లేకుండా ఆ భాషలో ఆవిడ అన్న ఆజ్ఞ అదొక్కటే.

ఆయా కదల్లేదు. వార్డెనమ్మ పెన్ను మూత తీసి రెండో గడి మీద పెట్టింది.

ఆవగింజ బల్ల కింద నుంచి బయటికి వచ్చింది. ఆయా చేతిలో డబ్బాని చూసింది. టీచరమ్మ మొహంలోకి చూసింది. తర్వాత నోరు తెరిచింది.